పొగమంత్రి మిషనూ, అక్క భుజమూ

వర్క్‌షాపులో అందరూ అతన్ని పొగమంత్రి అంటారు. ఊరికే అనరు మరి! భుజాలకీ మోకాళ్లకీ లోపలిదాకా వేడి పట్టించే అల్ట్రాసౌండ్ మిషన్లుంటాయి కదా, వాటిని నడిపే సర్క్యూట్లు తయారుచెయ్యడం అతని పని. ఎనిమిది నెలల్లో డబ్బాడు ట్రాన్సిస్టర్లు కాల్చాడు. పొగ లేచినప్పుడల్లా "ఇప్పుడర్థమైంది!" అనేవాడు. ఏం అర్థమైందో ఆ దేవుడికే తెలియాలి.

ఒంటికి ఆనించే పిడి, అదే ప్రోబు, చర్మానికి అతుక్కుని ఉన్నంతసేపూ పంపిన పవరును ఒళ్లు తీసుకుంటుంది. కాస్త లేచి మధ్యలో గాలి చేరిందా, అదంతా వెనక్కొచ్చి సర్క్యూటు నెత్తిన పడుతుంది. అందుకని ఓ ఉపాయం చేశాడు. గాలి తగిలిన మరుక్షణం మిషను దానంతటదే ఆగిపోతుంది. నీళ్ల గ్లాసులో ప్రోబు ముంచి వందసార్లు చూసుకున్నాడు. పొగ లేదు, మాడువాసనా లేదు.

ఇంతకీ ఆ మిషను కోసం కాచుకున్నది వాళ్లక్క. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. కుడిచేత్తో అన్నం పెట్టింది, అదే చేత్తో మొట్టికాయలూ పెట్టింది. ఆ కుడి భుజం బిగుసుకుపోయి ఏడాదైంది. తల దువ్వుకోలేదు పాపం. క్లినిక్‌లో వేరే మిషను పెడతామంటే ససేమిరా అంది.

"మా తమ్ముడు చేస్తుంటే ఇంకోడిది నాకెందుకు?"

ఆ మాట విన్నప్పటినుంచీ అతనికి భయంతో తిండి సయించడం లేదు.

తీరా మిషను క్లినిక్‌కి పట్టుకెళ్లే రోజు వచ్చింది. ఫిజియోథెరపిస్టు అక్క భుజానికి జెల్లు రాసి ప్రోబు పెట్టింది. నిమిషం కాకుండానే టక్కున ఆగింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఆగింది. ఏడుసార్లు!

"ఐదు నిమిషాలు ఏకధాటిగా నడవకపోతే పట్టుకెళ్లిపోండి సార్" అందావిడ.

పొగమంత్రి గబగబా స్క్రూడ్రైవరు తీశాడు. మూత విప్పి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు అక్క వైపు చూశాడు. అక్క పక్కింటావిడ సంగతి చెబుతోంది. "నన్నంత మాట అంటుందా!" అని భుజం ఎగరేసింది. టక్.

"అక్కా, కాస్సేపు మాట్లాడకుండా కూర్చోవే!"

"నేనేమన్నా నీ నీళ్ల గ్లాసునా, కదలకుండా మెదలకుండా ఉండటానికి?"

అదిగో, తప్పంతా అక్కడే ఉంది. గ్లాసులో నీళ్లకు పక్కింటావిడ లేదు! ఎనిమిది నెలలు వాటిమీద పరీక్షలు చేసి మనుషులకి పనికొస్తుందనుకున్నాడు మహానుభావుడు. అక్కడే ల్యాప్‌టాప్ తగిలించి మిషను ప్రోగ్రాము మార్చాడు. ఇక ప్రోబు లేస్తే మిషను ఆగదు. పవరు బాగా తగ్గించి ఓపిగ్గా కాచుకుంటుంది, చర్మం తగలగానే మళ్లీ పెంచుతుంది. ముందు తన మోకాలి మీదే పెట్టుకుని చూశాడు, కాలితే తనదే కాలాలని.

ఈసారి పక్కింటావిడ కథ పూర్తయింది, వాళ్లత్తగారి కథ సగం అయింది. మిషను ఆగలేదు.

రెండు నెలలు ఆ వేడీ, దాంతోపాటు కసరత్తులూ నడిచాయి. ఓ రోజు క్లినిక్‌లో అక్క పిలిచింది. "ఒరేయ్, ఇలా రా."

చిన్నప్పటి అలవాటు కొద్దీ అతను తల వంచాడు.

"వంగకు. నిటారుగా నిలబడు."

ఆరడుగుల మనిషి నిలబడ్డాడు. అక్క చెయ్యి మెల్లగా లేచింది. అతని భుజం దాటింది, చెవి దాటింది. ఠంగుమని మొట్టికాయ పడింది.

"నన్ను మాట్లాడొద్దన్నందుకు!"

పొగమంత్రి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గట్టిగా తగిలిందేంట్రా?"

"ఇంకోటి వెయ్యక్కా" అన్నాడు.