బాబాయి డ్రా అన్న ఆట

మా బాబాయి రెంటచింతల బడిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. చదరంగంలో గొప్ప ఆటగాడేం కాదు గానీ, చివర్లో ఏనుగులు మిగిలాయంటే ఆయన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు. "అవతలోడి బంటు ముందుకు రానంతసేపూ ఏనుగును వాడి రాజుకు అడ్డం పెట్టు. వచ్చిందా, ఏనుగును ఆ చివరికి తీసకపోయి వెనకనించి చెక్ చెప్తా ఉండు" అని బళ్లో పిల్లలందరికీ నేర్పాడు. నాకూ ఆయనే నేర్పాడు. ఆయన మీద నేను ఒక్కసారీ గెలవలేదు.

నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆడాం. చివరికి నాకు ఏనుగూ బంటూ మిగిలాయి, ఆయనకు ఒట్టి ఏనుగు. "డ్రా అమ్మాయ్, ఇంక లే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బంటు ఎక్కువున్నదాన్ని, నేనెందుకు లేవాలి?

"పెద్దమనుషుల్లో పెడదాం" అన్నాను. మా వైపు గట్టు తగాదా అయినా, ఆలుమగల గొడవైనా పెద్దమనుషుల్లో పెట్టామంటే వాళ్లు చెప్పినదానికి కట్టుబడాల్సిందే. "ఎవుర్నే?" అన్నాడు. ఫోను చూపించాను. నవ్వి ఒప్పుకున్నాడు.

పావులు ఉన్నవున్నట్టు పెడితే, అందులోని చెస్ యాప్ నావైపే మొగ్గని ఒక అంకె చూపించింది. "చూశావా, నేనే గెలుస్తున్నా!" అన్నాను. బాబాయి ఆ అంకె వంక చాలాసేపు చూశాడు. ఆడి తేల్చుకుందాం రా అని అనలేదు. పెద్దమనిషి మాట వచ్చేసింది మరి.

"అయితే పిల్లలకి ఇన్నేళ్లూ తప్పు చెప్పానన్నమాట."

నా నోరు పడిపోను, "అంతేగా మరి" అన్నాను.

ఆ తర్వాత ఆయన మళ్లీ ఆడలేదు. ఎవరైనా నేర్పమని వస్తే "నాకు రాదు" అని పంపించేసేవాడు.

మొన్న వేసవిలో నరసరావుపేటలో మా పాపకు చెస్ నేర్పే కోచ్‌ను ఆ ఆట గురించి అడిగాను, మనసు ఊరుకోక. చిన్న యాప్‌లు బంటు ఎక్కువుంటే చాలు, మొగ్గు చూపిస్తాయట; ఏనుగుల ఆటలో ఆ బంటు గెలుపుదాకా పోతుందో లేదో వాటికి కనబడదట. కొద్ది పావులే మిగిలిన ఆటలన్నిటినీ చివరిదాకా లెక్కగట్టిన పట్టికలు వేరే ఉన్నాయన్నాడు. ఆ రోజు పావులు ఎక్కడెక్కడున్నాయో నాకింకా గుర్తే; అవి చెప్పి వాటిలో మా ఆట వెతికించాను. డ్రా.

మర్నాడే రెంటచింతల బస్సెక్కాను. "బాబాయ్, నువ్వన్నదే నిజం, చూడు" అని ఫోను చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోకుండా తిరిగిచ్చేశాడు.

"అప్పుడూ ఫోనే చెప్పింది, ఇప్పుడూ ఫోనే చెప్తంది. నా దగ్గర నేర్చుకున్నావు గదే, నీకేం అనిపియ్యలా?"

అనిపించింది. అది డ్రా అని ఆ ఆదివారం ఫోను తీయకముందే నాకు తెలుసు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను గానీ, ఏడుపు తప్ప ఇంకేమీ రాలేదు.