అత్త చెయ్యి, చింపాంజీ చెయ్యి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చి ఏడాదైనా కాకముందే ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌నయ్యాను. మెడలో ఐడీ కార్డు వేసుకుని బస్సెక్కితే కండక్టర్‌కు కూడా జీవపరిణామం గురించి రెండు ముక్కలు చెప్పకుండా దిగేదాన్ని కాదు (నా స్టేజీ రాకముందే ఆయన విజిల్ ఎందుకు ఊదేవాడో ఇప్పుడర్థమవుతోంది). ఇప్పుడు చెప్పబోయేది తలచుకుంటే నవ్వొస్తుంది గాని, నవ్వు కంటే ముందు సిగ్గే వస్తుంది.

మా మేనత్తకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. జక్రాన్‌పల్లి దగ్గర మా ఊళ్లో పసుపు కళ్లం పనంతా ఆమే నడిపించేది. ఎండిన పసుపు కొమ్ములను పాలిష్ డ్రమ్ములో వేసి తిప్పుతుంటే ఆ చప్పుడుకు పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని పనికొచ్చే ఆడవాళ్లంతా అత్త చేతిసైగలే నేర్చుకున్నారు. డ్రమ్ము దగ్గర కోడళ్ల మీద చాడీలు, సీరియల్ కథలు, ఎవరింట్లో ఏం కూరో అన్నీ చేతులతోనే నడిచేవి. ఆ చేతుల మధ్యే పెరిగిన నేను మాత్రం వాటిని భాష అనుకోలేదు. నా పుస్తకాల్లో లేదు కదా!

ఆ ఏడు సైన్స్ డే వచ్చింది. "మేడమ్, జర కొత్తగ ఏమన్న చెప్పుండ్రి, పిల్లల అమ్మానాన్నలు గూడ వస్తున్నరు" అన్నారు ప్రిన్సిపాల్ సారు. మనిషికి మాట ఎట్లా పుట్టిందో చెబుతానన్నాను. భాష నోటితో కాదు, చేతితో మొదలైందని కొందరంటారు. చింపాంజీ అరచెయ్యి చాచి తిండి అడిగే వీడియో ఒకటి దొరికింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ప్రత్యక్ష ఉదాహరణ ఉంటే ఇంకా రక్తి కడుతుందనిపించింది. అత్త దగ్గరికి పోయి, మా కాలేజీకి రా, నీ చేతులు అందరికీ చూపిద్దాం అన్నాను. ఆమె పెళ్లిళ్లకు దాచుకున్న పట్టుచీర తీసింది. గోళ్లలోని పసుపు పోవాలని చింతపండు పెట్టి తోముకుంది. బస్సులో దారంతా అవే ప్రశ్నలు: ఎంతమంది వస్తారు, నేనెక్కడ కూర్చోవాలి, పూలు సరిగ్గా ఉన్నాయా?

వేదిక మీద నేను మైకు పట్టుకున్నాను. "ఇయ్యి" అని అడగమని అత్తకు సైగ చేశాను. ఆమె అందరి వైపు తిరిగి అరచెయ్యి చాచింది. ఆమె వెనక తెర మీద చింపాంజీ కూడా అరచెయ్యి చాచి ఉంది. "చూశారా? రెండూ ఒకటే! భాషకు మొదటి మెట్టు ఇదే" అన్నాను. పిల్లలు విరగబడి నవ్వారు. వాళ్లు నవ్వుతుంటే అత్త కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. తర్వాత ఆమె వెనక్కి తిరిగి తెర చూసింది.

చాచిన చెయ్యి మెల్లగా ముడిచింది. దిగి వెళ్లిపోతుందనుకున్నాను. కాని ముందు వరసలో, పిల్లల తల్లులుగా వచ్చిన మా కళ్లం ఆడవాళ్లు కనబడ్డారు. అత్త వాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. వాళ్లలో ఒకామె లేచి, ఆ చేతులు చూస్తూ గొంతెత్తి చెప్పసాగింది: "మీ మేడమ్ మూడేండ్లు దాటినా నోరు ఇప్పలేదంట! గీమె గూడ నాలెక్కనే అయితదని ఇంట్ల అందరు ఏడ్సిండ్రంట. నీళ్లడుగుడు చేతుల్తోని నేనే నేర్పిన అంటున్నది. ఒకనాడు ఆరబోసిన పసుపు మీద కూసొని కుప్పంత చెదరగొట్టిందంట. ఎవ్వరు జేసిండ్రంటే కుక్కను చూపెట్టిందంట. పిర్రలేమో పచ్చగున్నయంట!"

హాలు దద్దరిల్లింది. ప్రిన్సిపాల్ సారు మాత్రం నవ్వలేదు. "మేడమ్, గా చింపాంజీ గూడ గిట్ల ఎన్నో ఏండ్ల కిందటి ముచ్చట చెప్తదా?" అని అడిగారు.

"చెప్పదు సార్."

"మరి రెండూ ఒకటే అంటిరి?"

కళ్లముందు లేనిదాన్ని, ఎప్పుడో గడిచిపోయినదాన్ని చెప్పగలగడమే మనిషి భాషను వేరు చేస్తుందన్న మాట నా తర్వాతి స్లైడులోనే ఉంది. అది వేసే ముఖం లేక మైకు ఆపేశాను.

తిరుగు బస్సులో అత్త రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. ఊరొచ్చేదాకా తీయలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చేతులతో పెంచిన మనిషి నాకిక లేకుండా పోతుందేమోనని భయం పట్టుకుంది. నాలుగో రోజు నేనే కళ్లానికి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. అత్త పని ఆపి అడిగింది: "మైకుల నువ్వు ఏమన్నవ్?"

అవును, ఆమెకు వినపడలేదు కదా. అబద్ధం చెప్పొచ్చు (ఆమె నేర్పిన చేతులతోనే చెప్పొచ్చు). ఆడవాళ్లంతా చూస్తున్నారు. ఉన్నదున్నట్టే చెప్పాను: కోతి చెయ్యి, నీ చెయ్యి, రెండూ ఒకటే అన్నాను. తప్పు నాదే.

చివరిదాకా చూసి అత్త అడిగింది: "గా కోతికి మేనకోడలు ఉన్నదా?"

ఉండొచ్చన్నాను.

"అది గూడ వాళ్ల అత్తను నలుగుర్ల నిలవెట్టి నవ్వులపాలు చేస్తదా?"

చెయ్యదన్నాను. అత్త నా చేతికి ఒక చాట ఇచ్చి, కూర్చోమన్నట్టు నేల చూపించింది. దేనికైనా నవ్వే ఆ ఆడవాళ్లలో ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు.

తర్వాత వారానికి అత్త మళ్లీ మునుపటిలా మాట్లాడింది. నన్ను క్షమించి కాదు, ఊళ్లో ఎవరో లేచిపోయిన ముచ్చట నాకు చెప్పకుండా ఉండలేక. ఆ పాఠం ఇప్పటికీ చెబుతున్నాను, అరచేతి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కాస్త తగ్గుతుంది. ఐడీ కార్డు వేసుకుని వేదిక మీద నిలబడ్డ ఆ పిల్ల ఎదురైతే చెవి మెలిపెట్టి నాలుగు మాటలు చెప్పాలని ఉంటుంది. కాని అది వినదు. పాపం, దానికప్పటికే అన్నీ తెలుసు.