బెల్టు సారు మోకు మోసిన రోజు

ఆ రోజుల్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే చాలు, ఎడారిలోనైనా బతికేయొచ్చని మా ప్రాంతంలో అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం పుణ్యమా అని డిగ్రీ గట్టెక్కని నాలాంటివాడు కూడా కోరుట్లలో ఒక బట్టల దుకాణం మీది గదిలో, గల్ఫు పోయేవాళ్లకు ఇంగ్లీషు చెప్పే సారైపోయాడు. నాకొక గొప్ప పద్ధతి ఉండేది (గొప్పదని నేనే అనుకునేవాణ్ని). ఒక్క మాట పట్టుకుని దాని అర్థాలన్నీ బయటికి గుంజడం. ఒకసారి బెల్టు అనే మాట చేతికి చిక్కింది, ఇక వదల్లేదు. ప్యాంటుకు పెట్టుకునేది బెల్టు, మా బడిలో పంతులు వీపు మీద వాడింది బెల్టు. "సిరిసిల్లల మా సాంచెను తిప్పేది గూడ బెల్టే సార్" అన్నాడు మరమగ్గం పని వదిలొచ్చిన ఒకతను. "మా ఊళ్లె మందమ్మేది బెల్టు షాపు" అన్నాడు వెనక బెంచీ మీంచి మా బావ. అందరూ నవ్వారు గానీ బావ నవ్వలేదు. ఆ షాపు వచ్చాకే ఆయన కల్లు అడిగేవాళ్లు తగ్గిపోయి, దుబాయి దారి పట్టాల్సి వచ్చింది. నాకు మాత్రం అప్పటి నుంచి 'బెల్టు సారు' అన్న పేరు ఖాయమైంది.

బావ అంటే మా అక్క భర్త, మల్లాపూర్ దగ్గరి పల్లెలో తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. మా నాయన నేను పుట్టకముందే చెట్లు మానేసి కోరుట్లలో కిరాణం పెట్టుకున్నాడు కాబట్టి, మా కులవృత్తిలో నాకు తెలిసింది కల్లు రుచి వరకే. అక్కకు బావ దుబాయి పోవడం కంటే చెట్టెక్కడం మానడం ముఖ్యం. ఆయన పొద్దున్నే పోయి తిరిగొచ్చేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. "ఏ పనన్న గానియ్యి తమ్మీ, నేల మీద నిలవడి చేసేదైతే సాలు" అనేది. తీరా దొరికిన పనేమో ఎత్తైన భవనాల చుట్టూ ఇనుప గొట్టాలు కట్టేది. ఆ సంగతి అక్కకు చెప్పే ధైర్యం బావకూ లేదు, నాకూ లేదు.

జగిత్యాలలో పని పరీక్ష పెట్టారు. ఎవరి పనిముట్లు వాళ్లు తెచ్చుకోవాలని ఏజెంటు చెబితే, బావ బుద్ధిగా తన మోకు తెచ్చుకున్నాడు. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడది. దాన్ని చూసి పరీక్ష పెట్టే ఆయన తల పట్టుకుని, ఒక సేఫ్టీ బెల్టు చేతికిచ్చాడు. బావ దాన్ని తగిలించుకుని ఎక్కాడు, దిగాడు, ఎంపికైపోయాడు. వెంటనే దవాఖానకు పోయి పరీక్షలు చేయించుకోవాలన్నారు. "బామ్మర్దీ, నువ్వు ముందుగాల పోయి మీ అక్కకు చెప్పు. గీ మోకు గూడ తీస్కపో, దవాఖానల దీన్ని ఏడ వెట్టుకోను?" అంటూ నా భుజాన వేశాడు. నేను పూలదండ వేసుకున్నంత దర్జాగా బస్సెక్కాను.

పల్లెలో దిగగానే అరుగు మీది ముసలాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎదురొచ్చిన ఒకాయన తలకు చుట్టిన రుమాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు. సారునన్న గౌరవం ఇక్కడిదాకా పాకిందనుకున్నాను. అక్క వాకిట్లో బీడీలు చుడుతోంది. ఆమె నా మొహం చూడనే లేదు, భుజం వైపు చూసింది. ఒళ్లోని చాట జారి ఆకూ తంబాకూ చెల్లాచెదురయ్యాయి. "ఓ నాయనో! మోకొక్కటే అచ్చిందే!" అంటూ నేల మీద కూలబడింది. ఏమైందో అర్థంకాక, "ఏం గాలేదక్కా! బావ దవాఖానల ఉన్నడు!" అన్నాను. అంతే, వాడకట్టంతా ఘొల్లుమంది. "పానానికి బాగనే ఉన్నడా?" అని ఎవరో అడిగారు. "బాగనే ఉన్నడు, నెత్తురు తీస్తుండ్రు, గుండెకు ఫోటో తీస్తుండ్రు" అని నేను వివరించిన కొద్దీ ఏడుపులు పెరిగాయి. పక్కింటి పెద్దవ్వ నా భుజం మీది మోకు లాగి కింద పెట్టింది. "మనోళ్లల్ల మోకు ఎక్కేటోని భుజం మీదనే ఇంటికి రావాలె కొడుకా. ఇంకోలు మోసుకస్తే, మనిషి చెట్టు మీదికెళ్లి పడ్డట్టే" అంది. ఇంత సంగతి మా కిరాణం కొట్లో నాకెవరు చెప్తారు!

అవి దుబాయి పనికి చేసే పరీక్షలేనని నేను మొత్తుకున్నా ఎవరూ వినక, జీపు కోసం మనుషులు పరుగెత్తుతుండగా పొద్దుగూకే వేళ బస్సు వచ్చింది. అందులోంచి బావ మిఠాయి పొట్లంతో దిగి, తన వాకిట్లోని జనాన్ని చూసి, "ఎవలు పోయిండ్రు?" అని అడిగాడు. అక్క ఉరికి వెళ్లి ఆయన చేతులూ కాళ్లూ వీపూ తడిమి చూసింది. అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక రెండు చేతులా ఆయన ఛాతీ మీద కొట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "నేల మీది పనేనా?" అని. బావ తల దించుకున్నాడు. "బెల్టుంటదక్కా..." అని నేను గొణిగాను. ఆమె వాకిట్లో పడున్న మోకును చుట్టచుట్టి ఆయన భుజానికే తగిలించింది.

"పో" అంది. "ఈడుంటే పోరగాండ్లు ఏం తింటరు? కని ఒక్కటి యాదుంచుకో. గక్కడికెళ్లి నీ సామాను ఎవ్వలి చేతుల వెట్టి తోలకు. ఏది తెచ్చినా నువ్వే తెచ్చుకో."

బావ ఆ మాట తప్పలేదు. వాడకట్టులో అందరి ఇళ్లకూ దోస్తుల చేతుల మీదుగా సబ్బులూ సెంట్లూ వస్తుంటే, అక్కకు మాత్రం బావ సెలవు మీద వచ్చేదాకా దువ్వెన కూడా వచ్చేది కాదు. వచ్చినప్పుడల్లా నేను బస్సు దగ్గరికి పోయి సంచి అందుకోబోయేవాణ్ని. "ఇడువురా, మీ అక్క సూస్తది" అని లాక్కునేవాడు. అన్ని బరువులూ ఆయనే మోసుకుని ముందు నడిస్తే, నేను చేతులూపుకుంటూ వెనక నడిచేవాణ్ని. అక్క గడపలో నిలబడి ముందు నా భుజాలు చూసి, ఆ తర్వాతే ఆయన మొహం చూసి నవ్వేది. ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. తమ్ముడు ఉత్త చేతులతో వచ్చాడని అంతగా సంబరపడే అక్క నాకు తప్ప ఇంకెవరికైనా ఉంటుందా అనుకుంటాను.