మామ ఇంటికి చప్పుడు లేని పంపు

ఆ రోజుల్లో మా ఆదోనిలో సైన్సు చదివినవాడికి అన్నీ తెలుసని జనం నమ్మేవాళ్లు. ఫ్యూజు పోయినా, గడియారం నిలిచినా, బర్రె పాలివ్వకపోయినా నన్నే పిలిచేవాళ్లు. జనం నమ్మితే నమ్మారు, నేను కూడా నమ్మడంతోనే వచ్చింది గొడవ. ఎమ్మిగనూరు హైస్కూల్లో సైన్సు అయ్యవారిగా కొత్తగా చేరి, ఈ లోకంలో నాకు అంతుపట్టని యంత్రం లేదనుకునేవాణ్ణి. వారమంతా ఎమ్మిగనూరులో అద్దె గదిలో ఉండి, సెలవు రాగానే ఆదోనిలో మామ ఇంటికి బస్సెక్కేవాణ్ణి. (ఆ బస్సులో కూర్చోవడానికి చోటు దొరికితే ఇంటికి వెళ్లాక అదే మొదటి కబురు.) మామ ఇంట్లో చేపల తొట్టికి చప్పుడు చేయని పంపు కోసం నేను పడిన పాట్లు ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుతూ చెప్పాలనే కూర్చున్నాను. ఎంతవరకు నవ్వగలనో చూడాలి.

మామంటే మా అమ్మ తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఆయనే, అత్తే. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. పత్తిలోంచి గింజను విడదీసే మిషన్ల మధ్య వయసంతా గడిపేసరికి, ఛాతీలో దూది పేరుకుని, గుండె కూడా చెడి మంచం పట్టాడు. డాక్టరు నన్ను బయటికి పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. ఇంకొక్కసారి గుండె అదిరితే మనిషి దక్కడు, ఇంట్లో చప్పుడు లేకుండా నెమ్మదిగా ఉంచుకోండి, అన్నాడు. చేపలను చూస్తూ పడుకుంటే మనసు కుదుటపడుతుందని కూడా ఆయనే చెప్పాడు. అంతటితో ఊరుకోకుండా, బదిలీ మీద వెళ్లిపోతూ తన గదిలోని గాజు తొట్టిని, ఎర్ర చేపలతో సహా మా ఇంటికి పంపించాడు. మంచి మనిషి. ఆదోనిలో నీళ్ల సంగతి మాత్రం ఆయన మరిచిపోయినట్టున్నాడు.

మా వీధి కొళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. వచ్చిన రోజున ఆడవాళ్లు బిందెలతో యుద్ధానికి దిగేవాళ్లు. అలాంటి చోట చేపల నీళ్లు మురికయ్యాయని పారబోస్తే ఊరు ఊరుకుంటుందా? "మనుసులకే గతిల్యాకుంటే సేపలకు తానమా?" అని పక్కింటామె గోడ మీదుగా అడగనే అడిగింది. అప్పుడు నా బుర్ర పనిచేసింది. తొట్టి కింద బక్కెట్టు పెట్టి, దాని మూతి మీద జల్లెడలో దూది పరిచి, తొట్టి నీళ్లు దాని మీదుగా దిగేలా చేశాను. వడగట్టిన నీళ్లను తిరిగి పైకి పంపడానికి ఒక పంపు కావాలి. మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ భాయ్, మామకు పాత స్నేహితుడు, ఎయిర్‌కూలర్ నుంచి ఊడదీసిన పంపు ఒకటి తెచ్చాడు. స్విచ్చి వేయగానే అది గుర్రుమంటూ ఇల్లంతా అదరగొట్టింది. అయినా నీళ్లు పైకెక్కాయి. నేను ఇంటి మధ్యలో నిలబడి ఆ తిరిగే నీళ్లను చూసి మురిసిపోయాను.

ఆ మురిపెం కరెంటు పోయేదాకానే. పంపు ఆగగానే తొట్టిలోని నీళ్లు, పైకెక్కిన పైపులోంచే వెనక్కి జారి, బక్కెట్టు నిండి, గడప దాటాయి. చేపలు అడుగున మిగిలిన జానెడు నీళ్లలో పక్కకు ఒరిగి కొట్టుకున్నాయి. "కొళాయి కాడ జుట్లు పట్టుకోని తెచ్చిన నీళ్లప్పా! ఇల్లు అలకనీకి తెచ్చినానా?" అని అత్త చీపురు పట్టుకుంది. మామ మంచం మీద నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు. నాకు మాత్రం కారణం తెలియలేదు. తరువాతి వారం ఎనిమిదో తరగతికి సైఫన్ పాఠం చెబుతూ, బోర్డు మీద బొమ్మ గీస్తూ, మా తొట్టిని ఖాళీ చేసింది ఇదేనని తోచి, సగంలో సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. పిల్లలు పాఠం అయిపోయిందనుకుని పుస్తకాలు మూసేశారు.

పైపులోకి గాలి దూరేలా నీటి మట్టం పైన బెజ్జం పెట్టి ఆ గండం దాటాం. ఇక మిగిలింది చప్పుడు. డాక్టరు మాట ఇంట్లో శాసనమైపోయింది. అత్త రోట్లో పచ్చడి నూరడం మానేసింది, రేడియో గుడ్డ కప్పుకుంది, వచ్చినవాళ్లు గుసగుసగా మాట్లాడి వెళ్లేవాళ్లు. పంపు ఒక్కటే ఎవరికీ భయపడలేదు. దాని కింద బొంత మడత వేశాం. సైకిలు ట్యూబు ముక్కలు కట్టి వేలాడదీశాం. చివరికి మామ చూస్తుండగానే దాన్ని దూదిలో చుట్టాం. (ఆదోనిలో పుట్టినవాళ్లకు చెవినొప్పికైనా, తలుపు సందుకైనా ముందు తోచేది దూదే.) ఇల్లు ఒక్కసారి సద్దుమణిగింది. కాసేపటికి ఊపిరాడని మోటారు వేడెక్కి దూది కమురుకంపు కొట్టింది. మిల్లులో బతికినవాడికి ఆ వాసన ఎలాంటిదో నాకు తోచనేలేదు. "నిప్పు! నిప్పు!" అంటూ మామ మంచం దిగబోయి, గుండె పట్టుకుని గోడకు ఆనుకుని జారిపోయాడు. ఆ రోజు ఆయన పెదవులు నల్లబడటం చూశాను. కొత్త డాక్టరు వచ్చి సూది వేసేదాకా అత్త నావైపు చూడలేదు. నేనూ ఆమె ముఖం చూడలేకపోయాను.

అప్పుడు పట్టుదల వచ్చింది. చప్పుడు చేయకూడదు, వేడెక్కకూడదు, నడిమధ్యలో నిలిచిపోకూడదు. అలాంటి పంపు తెచ్చేదాకా నిద్రపోనన్నాను. భాయ్ బళ్లారి నుంచి తెచ్చిన రెండు మూడు పంపులను ఎమ్మిగనూరు తీసుకెళ్లి, నా గదిలో బక్కెట్టులో పెట్టి పరీక్షించాను. అన్నీ అద్భుతంగా ఉన్నాయి. ఒక్కటీ కిక్కురుమనలేదు. అందులో ఒకటి ఎంచి, గుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆదోని తెచ్చి స్విచ్చి వేస్తే, పాతదే నయమనిపించేలా అరిచింది. భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. "సార్, మీ గది సుట్టూ ఏముండాయి?" అని అడిగాడు. నా గదికి అటూ మగ్గాలే, ఇటూ మగ్గాలే. పొద్దున లేచింది మొదలు టకటకల మధ్య బతికే నాకు ఆ చప్పుడు వినిపించడం ఎప్పుడో మానేసింది. అక్కడ రైలింజను తెచ్చి పెట్టినా నేను మెచ్చుకునేవాణ్ణే.

తరువాత నేతగాళ్లకు సెలవై మగ్గాలు పడుకునే అమావాస్య నాడు భాయ్‌నే ఎమ్మిగనూరు రప్పించాను. బేరింగు మార్చి, రెక్కను అరగదీసి, కింద మెత్తటి రబ్బరు వేసి ఒక పంపును సిద్ధం చేశాడు. ఇద్దరం బక్కెట్టు పక్కన బోర్లా పడుకుని చెవులొగ్గి విన్నాం. నీళ్లు కదులుతున్నాయి, పంపు ఉలకడం లేదు. "బిల్కుల్ సద్దు ల్యా, సార్! నడుస్తాందో ల్యాదో ముట్టుకోని సూడాల!" అని భాయ్ నా వీపు చరిచాడు. అంత గర్వం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

దాన్ని ఆదోని తెచ్చి, మామ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా పాత పంపు తీసేసి కొత్తది బిగించాం. ఇంట్లో ఒక్కసారి ఎంత నిశ్శబ్దమంటే, పై ఫ్యాను గాలి కూడా వినిపించింది. వీధి చివర మిల్లు హోరు సన్నగా వస్తోంది. భాయ్, నేను ఒకరినొకరు చూసి పళ్లికిలించాం. అంతలో మామ కళ్లు తెరిచాడు. ఫ్యాను వంక చూశాడు. అది తిరుగుతోంది. ఆయన ముఖంలో నెత్తురు లేదు. లేచి కూర్చుని కాళ్లు కిందికి దించి, "యాది నిలబడింది? ఎవురిదిరా సెయ్యి?" అన్నాడు. చెప్పులకోసం వెతుకుతున్నాడు. "నా పానా ఇయ్యండిరా, రోలర్లు ఎనక్కి తిప్పాల! సెయ్యి లాగొద్దండి, నేను వస్తాండా!" అని అరుస్తున్నాడు. అత్త పరుగెత్తుకొచ్చి ఆయన్ను రెండు చేతులా పట్టుకుంది. "ఎవురిదీ కాదు. ఇది ఇల్లు. మనిల్లు," అని చెబుతూనే ఉంది.

తెప్పరిల్లడానికి చాలాసేపు పట్టింది. నీళ్లు తాగి, నన్ను దగ్గరికి పిలిచి, తప్పంతా తనదైనట్టు చిన్నగా చెప్పాడు. "కరెంటు పోతే అన్నీ నిలబడతాయిరా. భయం ల్యా. కూసోని బీడీ తాగుతాం. అన్నీ తిరుగుతా ఉండి ఒగటే నిలబడితే, దాంట్లో మనిసి ఉండాడని లెక్క. పత్తి నూకుతా నూకుతా సెయ్యి రోలర్ల లోపలికి పోతాది. అప్పుడు నన్నే పిలుస్తారు. నేనే తిప్పి తీయాల." ఎందరివి తీశావు మామా అని నేను అడగలేదు. ఆయన తన అరచేతులు చూసుకుంటున్నాడు. ఇన్నేళ్లూ నాకు సోడాలూ బఠానీలూ తెచ్చిన ఆ చేతులు ఆ పని కూడా చేశాయని నాకు తెలియదు. అత్తకు తెలుసు. నాకు చెప్పాలని ఆమెకు తోచలేదు, అంతే. ఇన్ని రోజులూ ఆ పాడు గుర్రు వింటూనే ఆయన పసిపిల్లాడిలా నిద్రపోయాడని అప్పుడు తెలిసింది; మేము మందుల మహిమ అనుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. భాయ్ మాత్రం పాత పంపు తెచ్చి బిగించాడు. అది గుర్రుమంది. మామ వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

అక్కణ్ణుంచి మా పని తలకిందులైంది. పాత పంపు వాడగా వాడగా కాస్త మెత్తబడిందంటే చాలు, అత్త కబురు పంపేది. "సద్దు తగ్గింది, భాయ్‌ని పిల్చుకరాప్పా." భాయ్ వచ్చి బేరింగు వదులు చేసి, మళ్లీ గుర్రుమనిపించేవాడు. "బాగున్నదాన్ని సెడగొట్టేది ఈ ఇంట్లోనే సార్, ఇంగ యాడా ఈ పని సెయ్యలే," అని నవ్వేవాడు. బయటికి వచ్చాక గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకునేవాడు.

మామ ఒక మధ్యాహ్నం పోయాడు. అత్త వంటింట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పంపు చప్పుడు నిలవలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంది. ఆయన ఊపిరి ఎప్పుడు నిలిచిందో ఆ గుర్రులో వినిపించలేదు. నేను బస్సు దిగి వచ్చేసరికి ఇంటినిండా జనం, మూలన పంపు అలాగే నడుస్తోంది. నన్ను చూడగానే అత్త, "మిషన్ నడుస్తానే ఉండాది గదప్పా. మనిసే నిలబడిపాయె," అంది. అప్పటిదాకా ఆమె ఏడవలేదట.

కర్మలు ముగిశాక ఎమ్మిగనూరు బయలుదేరుతుంటే అత్త నన్ను ఆపింది. "ఆ సద్దు ల్యానిది తెస్తివే, అది పెట్టి పో అప్పా. ఇంగ ఈ ఇంట్లో నిలబడేకి ఏముండాది?" అంది. భాయ్, నేను కలిసి కొత్త పంపు బిగించాం. నేను అలవాటుగా నేలమీద బోర్లా పడుకుని చెవి ఒగ్గి విన్నాను. ఏమీ వినిపించలేదు. "ఎట్లుండాది సార్?" అని భాయ్ అడిగితే, "చాలా బాగుంది," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. మనిషి పోయిన ఇంట్లో, ఇస్త్రీ చొక్కా వేసుకుని తడి నేలమీద పడుకుని, పంపు చప్పుడు చేయడం లేదని భాయ్‌కి అంత నమ్మకంగా చెప్పిన ఆ అయ్యవారిని లేపి కూర్చోబెట్టాలనిపిస్తుంది. అత్త మాత్రం గడపలో కూర్చుని, చప్పుడులేని ఆ ఇంట్లో చేపలకేసి చూస్తూ ఉండిపోయింది.