నల్లబడని వెండి

స్పంజులు ఏరేందుకు సముద్రంలో మునిగే మొగుడు పడవెక్కి కాలిమ్నోస్ దీవి వదిలినప్పటి నుంచి తెమెలీనా రోజూ పొద్దున్నే చర్చికి వస్తుంది. సముద్రం మీద పోయేవాళ్లను కాచే నికోలాస్ పునీతుడి పటానికి మొగుడి పేరిట తాను మొక్కి కట్టిన చిన్న వెండి మనిషి బొమ్మను ముట్టుకోదు, మెడ చాచి చూస్తుంది. పక్కనున్న మొక్కుబొమ్మలన్నీ కొవ్వొత్తుల పొగకూ గాలికీ నల్లబడ్డాయి. తనదొక్కటే తళతళలాడుతుంటే, ఆయన క్షేమమేననుకుని గుండెల మీద సిలువ గీసుకుంటుంది.

ఈ ఉదయం కొవ్వొత్తులు సర్దే సెవాస్తీ అవ్వ అది చూసి నవ్వింది.

"వెర్రిదానా, వెండయితే నల్లబడకుండా ఉంటుందటే? నీకెవడో తగరం అంటగట్టాడు."

తెమెలీనా తళతళలాడే ఆ బొమ్మకేసి మళ్లీ చూసింది. ఇన్నాళ్లూ నీళ్లలో ఆయనకు ఏ కాపూ లేదన్నమాట! పెళ్లినాడు ఆయన తొడిగిన వెండి ఉంగరాన్ని చర్చి వాకిట్లోని కుళాయి దగ్గర సబ్బునురగతో లాగి, పటానికి కట్టింది. ఇంటికి పోకుండా అక్కడే నిలబడి, అదెప్పుడు నల్లబడుతుందా అని కళ్లలో ఒత్తులేసుకుని చూస్తోంది.