స్ట్రాతో కాఫీ

కిందటేడు మా మరిదికి సంబంధం మాట్లాడడానికి మలికిపురం వెళ్ళాం. కాఫీ స్ట్రాతో తాగితే పళ్ళకి గార పట్టదని మా ఆయన అప్పుడే ఫోన్‌లో చూశారు. ఇంకేం! ఆడపెళ్ళివారు కాఫీ ఇవ్వగానే, దారిలో బొండాం తాగి దాచుకున్న స్ట్రా జేబులోంచి తీసి గ్లాసులో ముంచారు.

పిల్ల తండ్రి మొహం మాడిపోయింది.

"ఏవండీ, మా ఇంటి గ్లాసుకి మీ మూతి తగలకూడదాండీ?"

"అబ్బే, పళ్ళ కోసమండీ!" అంటూ మా ఆయన స్ట్రా పారేసి, పొగలు కక్కే కాఫీ గటగటా తాగేశారు. నాలుక బొబ్బలెక్కింది.

"ఆయ్! అయితే ఇంకో గ్లాసు పుచ్చుకోండి."

పుచ్చుకున్నారు.

సంబంధం కుదిరింది. ఇప్పటికీ ఆ ఇంట్లో మా ఆయన కాఫీ తాగుతుంటే, ఆ పెద్దాయన ఆయన మూతికేసే చూస్తుంటారు. గారైతే తోముకుంటే పోయేది. ఆ చూపే పోవడం లేదు.