మెట్రో ఎక్కని పానాలు

మహిపాల్ పెద్దగా నోరున్న మనిషి కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లిఫ్టుల కంపెనీ సర్వీసు ఆఫీసులో మెకానిక్. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని భార్య స్వప్నతో ఉంటున్నాడు. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే బండి మీద పోయి బయటికి తీస్తాడు. బయటపడ్డవాళ్లు ముందు అతన్ని తిట్టి, ఆ తర్వాత మంచినీళ్లు అడుగుతారు. ఏళ్ల తరబడి అదే ఉద్యోగం.

సొంత బండి మీద తిరిగే మెకానిక్‌లకు పెట్రోలు ఖర్చు కంపెనీయే ఇవ్వాలని యూనియన్‌తో రాతపూర్వకంగా ఒప్పందం ఉంది. దాని గడువు ఇంకా తీరనే లేదు. ఇంతలో హెచ్‌ఆర్ మేనేజరుగా రాఘవేంద్ర వచ్చాడు. విజయవాడ మనిషి, మాట తేనె. వచ్చిన కొద్ది రోజులకే అందరి ఫోన్లలోకి కొత్త ట్రావెల్ పాలసీ దిగింది. ఇక మీదట మెట్రో, బస్సు టికెట్లకే డబ్బులు. దగ్గరి సైట్లకు నడిచి వెళ్లాలి, ఆరోగ్యానికి మంచిది. కింద నవ్వుతూ నడుస్తున్న ఒక జంట బొమ్మ. ఆ జంట చేతుల్లో టూల్ బాక్సు మాత్రం లేదు.

మహిపాల్ యూనియన్ కార్యదర్శి తిరుపతిని పట్టుకున్నాడు.

"అన్నా, ఒప్పందం ఉండంగ గిదెట్ల చేస్తరే?"

"చెయ్యలేరు తమ్మీ. మన సంతకం లేంది ఒక్క అక్షరం మార్చరాదు. జర ఆగు, నేను మాట్లాడ్త."

తిరుపతి మాట్లాడతానని చెప్పడంలో ఎన్నడూ వెనక్కి తగ్గలేదు. నెలలు గడిచాయి. మెకానిక్‌లు సొంత జేబుల్లోంచి పెట్రోలు పోయించుకుని తిరుగుతూనే ఉన్నారు. కడుపు మండింది స్వప్నకే.

"మన ఇంట్లకెళ్లి పెట్రోల్ పోసి వాళ్ల కంపెనీ నడుపుతున్నవా? వాళ్లు చెప్పినట్టే పో. బండి ఇంట్ల పెట్టు."

మర్నాడు మహిపాల్ టూల్ బాక్సుతో మెట్రో స్టేషన్‌కు పోయాడు. స్కానర్ దగ్గర సెక్యూరిటీ అమ్మాయి డబ్బా తెరిపించి పానాలు, సుత్తి, రంపం బ్లేడు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇవి తీస్కపోనీకి లేదన్నా. మీరైతే పోవచ్చు."

"నేనొక్కన్ని పోయి ఏం చెయ్యాలె? లిఫ్టుకు దండం పెట్టి రావాల్నా?"

అక్కడి నుంచే రాఘవేంద్రకు ఫోన్ చేశాడు. "అయ్యో, బస్సులో వెళ్లండి మహిపాల్ గారూ. పాలసీలో బస్సు కూడా ఉందిగా!" అన్నాడాయన ఎంతో ప్రేమగా.

బస్సులోనే ఆఫీసుకు పోయాడు. పోగానే పిలుపు వచ్చింది. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఆగిపోయింది. బస్సు కోసం నిలబడి, దిగి, డబ్బా మోసుకుంటూ నడిచి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అదృష్టం బాగుండి లోపల కొత్త వాషింగ్ మెషీన్ తప్ప మనుషులెవరూ లేరు. దాని యజమాని మాత్రం కంపెనీకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. సాయంత్రానికల్లా ఆలస్యం ఎందుకైందో చెప్పాలంటూ మహిపాల్‌కు మెమో వచ్చింది. వాళ్ల పాలసీ పాటించినందుకు వాళ్లే ఇచ్చిన మెమో! మర్నాడు దాన్ని పట్టుకుని నేరుగా లేబర్ ఆఫీసుకు పోయి ఫిర్యాదు ఇచ్చాడు.

ఆ సంగతి తెలిసి రాఘవేంద్ర అతన్ని తన గదిలోకి పిలిచి టీ తెప్పించాడు.

"మీ ఇబ్బంది నాకర్థమైందండీ. మీకు ప్రత్యేక అనుమతి ఇచ్చేస్తాను. పెట్రోలు డబ్బులు మామూలుగా వస్తాయి. ఆ ఫిర్యాదొక్కటీ వెనక్కి తీసేసుకోండి, సరిపోతుంది."

మహిపాల్‌కు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. తీసుకుందామనే అనిపించింది కూడా. ఏదో ఒకటి అనాలి కదా అని, "నా ఒక్కనికే ఎట్ల సార్?" అన్నాడు.

"మీ ఒక్కరికే ఏంటండీ! తిరుపతి గారు మొదటి నెల నుంచీ అలాగే తీసుకుంటున్నారు. పెద్దమనిషి, ఏనాడూ గొడవ చెయ్యలేదు."

మహిపాల్ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు ముందర టీ బండి దగ్గర మెకానిక్‌లంతా ఉన్నారు. పోరాటం దశలవారీగా ఉండాలని తిరుపతి వివరిస్తున్నాడు.

"అన్నా, నీకు పెట్రోల్ పైసలు వస్తున్నయా?" అన్నాడు మహిపాల్.

తిరుపతి కండువా సర్దుకున్నాడు. "అంటే... యూనియన్ పని మీద తిరుగుత గద తమ్మీ."

"మరి మేం తిరిగేది తీర్థయాత్రలకా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ రోజే ఫిర్యాదును అందరి పేరున మళ్లీ రాసి, అందరూ సంతకాలు పెట్టారు. అందరికన్నా ముందు, అందరికన్నా పెద్ద అక్షరాలతో పెట్టినవాడు తిరుపతి.

లేబర్ ఆఫీసులో అధికారిణి ఒప్పందం చదివి తలెత్తింది. "దీన్ని మార్చడానికి యూనియన్ ఒప్పుకుందా?"

"పాలసీ యాప్‌లో పెట్టాం మేడం. అందరూ 'అంగీకరిస్తున్నాను' అని నొక్కారు కూడా," అన్నాడు రాఘవేంద్ర.

"నొక్కకుంటే హాజరు పడదు మేడం," అన్నాడు మహిపాల్.

ఆమె కళ్లద్దాలు తీసింది. "ఒప్పందం ఉన్నంతకాలం మీ యాప్ ఏం చెప్పినా ఇదే నడవాలి. కాదంటే కేసు పైకి పంపిస్తాను."

పాత బకాయిలతో సహా డబ్బులు వచ్చాయి. కంపెనీ మాత్రం తప్పు ఒప్పుకోలేదు. ఉద్యోగుల సంక్షేమం కోసం పాలసీని సవరించామని ప్రకటించింది. అంత మంచి ఆలోచన చేసినందుకు రాఘవేంద్రకు హెడ్డాఫీసులో శాలువా కప్పారు. గేటు మీటింగులో తిరుపతి మెడలో దండ పడింది, ఉపన్యాసం దండకన్నా పొడుగు. మహిపాల్‌ను శాశ్వతంగా అన్నిటికన్నా దూరపు అబ్దుల్లాపూర్‌మెట్ రూటుకు మార్చారు.

"గెలిచినోనికి శిక్ష ఏంది?" అని స్వప్న మండిపడింది. అతను నవ్వి ఊరుకున్నాడు గానీ, ఆ వారమంతా సరిగా తిండి తినలేదు.

తర్వాతి ఏడు కొత్త ఒప్పందం కోసం కమిటీ వేసినప్పుడు మెకానిక్‌లు అతని పేరు చెప్పారు. నాకు మాట్లాడరాదని మొత్తుకున్నాడు. "మాట్లాడేటోళ్లను చూసినం గద!" అన్నారు వాళ్లు.

కమిటీలో అతను పెట్టించిన మొదటి షరతు పెట్రోలు గురించి కాదు. కంపెనీ ఎవరికీ విడిగా ప్రత్యేక అనుమతులు ఇవ్వకూడదు, యూనియన్ నాయకులకు అసలే ఇవ్వకూడదు. రాఘవేంద్ర చిరునవ్వు చెదరకుండా రాసుకున్నాడు. పక్క కుర్చీలో తిరుపతికి దగ్గు తెర వచ్చి, ఎంతకీ తగ్గలేదు.